పరీక్ష తేల్చినా తీరని రంది: హెచ్.ఐ.వి. భయంపై సామాజిక, భాషా వివేచన

వ్యాససంగ్రహం:

హెచ్.ఐ.వి. పరీక్షలో వ్యాధి లేదని తేలిన తరువాత కూడా, తమకు ఆ వ్యాధి ఉందన్న భయంతో నెలలూ సంవత్సరాలూ గడిపేవారు ఉన్నారు. వీరి బాధకు మూలం రక్తంలో లేదు కాబట్టి రక్తపరీక్ష దానిని నయం చేయలేదు. పరీక్షను మళ్ళీ మళ్ళీ చేయించుకోవడమే భయానికి ఆహారమవుతుంది. నిజామాబాద్ జిల్లాలోని ముప్కాల్, బోధన్ పరిసరాల సామాజిక నేపథ్యంలో ఈ స్థితిని పరిశీలించి, దానిని పెంచి పోషించే తెలుగు మాటలను వివేచించి, శాస్త్రీయమైన ఉపశమన మార్గాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హెచ్.ఐ.వి., ఆరోగ్య ఆందోళన, రంది, భరోసా, గల్ఫ్ వలస, వైద్య పరిభాష, నిజామాబాద్.

1. ఉపోద్ఘాతం:

తెలంగాణ వాడుకలో భయాన్ని తెలిపే మాటలు అనేకం. వాటిలో 'బుగులు', 'రంది' అనే రెండింటిని పక్కపక్కన పెట్టి చూడడం ఈ చర్చకు ఉపకరిస్తుంది. ఎదుట ఉన్నదో, రాబోతున్నదో అయిన ప్రమాదాన్ని తలచుకొని ఉలిక్కిపడడం సాధారణంగా బుగులు. లోలోపల తొలుస్తూ తిండినీ నిద్రనూ హరించే దిగులు రంది. "బుగులు పడ్డడు" అన్నప్పుడు ఒక క్షణం, ఒక సంఘటన స్ఫురిస్తాయి. "రందితోని చిక్కిపోయిండు" అన్నప్పుడు సుదీర్ఘమైన కాలం స్ఫురిస్తుంది.

వివరణ కోసం ఒక స్థితిని ఊహించుకోవచ్చు. ముప్కాల్ ప్రాంతానికి చెందిన ఒక యువకుడు గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమవుతున్నాడు. ఏడాది కిందట ఒకే ఒకసారి జరిగిన శారీరక సంబంధం అతనికి గుర్తుకు వచ్చింది. ప్రభుత్వ కేంద్రంలో పరీక్ష చేయించుకున్నాడు. వ్యాధి లేదని తేలింది. వారం రోజులు నిశ్చింతగా ఉన్నాడు. ఆ తరువాత నోటిలో చిన్న పుండు లేచింది. ఇంకొక ల్యాబుకు వెళ్ళాడు. అక్కడా లేదనే వచ్చింది. ఈసారి నిశ్చింత రెండు రోజులే నిలిచింది. మూడవ పరీక్షకు హైదరాబాదు వెళ్ళాడు. ఫలితం చేతిలో ఉండగానే, బస్సు దిగకముందే, "ఈ ల్యాబు వాళ్ళు నమూనాలు మార్చేశారేమో" అన్న ఆలోచన మొదలైంది. మొదటి పరీక్షకు ముందు అతనిది బుగులు. మూడవ పరీక్ష తరువాత అతనిది రంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

2. ప్రాంతీయ నేపథ్యం:

ముప్కాల్ 2016 అక్టోబరు పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రంగా ఏర్పడింది. శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు సమీపంలో, 44వ జాతీయ రహదారి వెళ్ళే దారిలో ఉన్న ప్రాంతమిది. జిల్లాకు మరొక వైపున ఉన్న బోధన్ చెరకు సాగుకు పేరు పొందింది. 1930ల చివరలో మొదలైన అక్కడి నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఉన్న ఊరిలో ఉపాధి చాలక గల్ఫ్ దేశాలకు వెళ్ళడం ఈ జిల్లా జీవనంలో దశాబ్దాలుగా ఒక భాగం.

గల్ఫ్ వలసకూ హెచ్.ఐ.వి. పరీక్షకూ విడదీయరాని సంబంధం ఉంది. ఉద్యోగ వీసా కోసం అభ్యర్థి గుర్తింపు పొందిన కేంద్రంలో వైద్యపరీక్ష చేయించుకోవాలి. అందులో క్షయ, హెపటైటిస్ వంటి వాటితో పాటు హెచ్.ఐ.వి. పరీక్ష కూడా ఉంటుంది. అక్కడికి చేరిన తరువాత నివాస అనుమతి కోసం మరల పరీక్ష జరుగుతుంది. హెచ్.ఐ.వి. ఉన్న వలస కార్మికులకు ఆ దేశాలు అనుమతి నిరాకరిస్తాయి, వచ్చినవారిని తిప్పి పంపుతాయి. అందువల్ల ఈ ప్రాంత యువకునికి ఆ పరీక్ష ఆరోగ్య విషయంగా మాత్రమే మిగలదు. తెచ్చిన అప్పు, అక్కచెల్లెళ్ళ పెండ్లి, కట్టదలచిన ఇల్లు, ఇంటి ఇజ్జత్ అన్నీ 'ఫిట్', 'అన్‌ఫిట్' అనే రెండు మాటల మీద ఆధారపడి ఉంటాయి. కోల్పోయేది ఇంత పెద్దదైనప్పుడు చిన్న అనుమానం కూడా భారీ రూపం ధరించడం సహజం.

వాస్తవ పరిస్థితిని కూడా గమనించాలి. 2021 జాతీయ అంచనాల ప్రకారం 15-49 ఏళ్ళ వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు దేశం మొత్తం మీద 0.21 శాతం, తెలంగాణలో 0.47 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. జాతీయ సగటు కంటే తెలుగు రాష్ట్రాల శాతం ఎక్కువ కనుక జాగ్రత్త అవసరమే. అయితే తెలంగాణలో వెయ్యిమంది వయోజనులలో ఈ వైరస్ ఉన్నవారు దాదాపు ఐదుగురు. భయపడే మనసు ఆ ఐదుగురిలో తానొకడినని నమ్ముతుంది.

3. పరీక్ష చెప్పేదేమిటి?

శరీరంలోకి హెచ్.ఐ.వి. ప్రవేశించిన వెంటనే ఏ పరీక్షా దానిని పట్టుకోలేదు. ప్రవేశానికీ, పరీక్షకు అందడానికీ మధ్య ఉండే వ్యవధినే 'విండో పీరియడ్' అంటున్నారు. ప్రతిరక్షకాలను మాత్రమే వెదికే పరీక్షలకు ఇది 23 నుండి 90 రోజులు. ప్రతిజనకాన్నీ ప్రతిరక్షకాలనూ కలిపి వెదికే నాలుగవ తరం పరీక్షను సిరనుండి తీసిన రక్తంతో ప్రయోగశాలలో చేస్తే 18 నుండి 45 రోజులు. వైరస్ జన్యుపదార్థాన్నే వెదికే పరీక్షకు 10 నుండి 33 రోజులు. అంటే అనుమానించిన సంఘటన జరిగి 90 రోజులు దాటిన తరువాత, మధ్యలో కొత్త ప్రమాదమేదీ లేనప్పుడు, ప్రయోగశాలలో సక్రమంగా చేసిన పరీక్షలో వ్యాధి లేదని వస్తే ఆ సంఘటనకు సంబంధించిన ప్రశ్న అక్కడితో ముగిసినట్లే.

ప్రభుత్వ సమీకృత కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం. వ్యాధి ఉందని నిర్ధారించడానికి అక్కడ మూడు వేర్వేరు పరీక్షలు జరగాలి. మొదటి పరీక్షలోనే 'నాన్-రియాక్టివ్' అని వస్తే లేదని ప్రకటిస్తారు. మొదటి దశలో వాడే పరీక్షను ఉన్నదానిని వదిలిపెట్టకుండా పట్టుకొనే సామర్థ్యాన్ని బట్టి ఎంచుకుంటారు. కనుక ఉన్నదానిని లేదని చెప్పే అవకాశం చాలా తక్కువ. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం పరీక్షకు సమ్మతిని, ఫలితానికి గోప్యతను హక్కుగా చేసింది.

ఇక్కడ ఒక విచక్షణ ముఖ్యం. విండో పీరియడ్‌లో ఉన్నవారు మరొకసారి పరీక్ష చేయించుకోవడం వైద్యం. ప్రమాదం జరిగి 72 గంటలు దాటకపోతే నివారణ మందుల కోసం వెంటనే వైద్యుని కలవడం కూడా వైద్యమే. ఆ గడువులన్నీ దాటి, ఫలితం తేలిన తరువాత నాలుగవసారి, ఐదవసారి పరీక్ష చేయించుకోవడం వైద్యం కాదు. అది రంది చేయించే పని.

4. భయం పనిచేసే తీరు:

ఈ స్థితి కొత్తది కాదు. ఎయిడ్స్ వెలుగులోకి వచ్చిన తొలినాళ్ళలోనే, 1985లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో మిల్లర్, ఆయన సహచరులు ఎయిడ్స్ భయం వల్ల ఎయిడ్స్ లక్షణాల వంటివే కనిపించిన వ్యక్తుల గురించి రాశారు. అమెరికా మనోవైద్య వర్గీకరణ ఐదవ కూర్పు (2013) 'వ్యాధి ఆందోళన రుగ్మత' అనే పేరుతో ఇటువంటి స్థితిని గుర్తిస్తూ, ఆరు నెలలకు పైగా కొనసాగడాన్ని ఒక లక్షణంగా పేర్కొన్నది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ వర్గీకరణ ఈ వ్యాధిభయాన్ని పునరావృత ఆలోచనలు, చేష్టలతో కూడిన రుగ్మతల వర్గంలో చేర్చింది. చేతులు ఎన్నిసార్లు కడిగినా శుభ్రం కాలేదనిపించే స్థితికీ, ఎన్ని పరీక్షలు చేయించుకున్నా తృప్తి కలగని స్థితికీ ఉన్న పోలికను ఈ మార్పు స్పష్టం చేస్తుంది.

ఈ వలయాన్ని 1986లో వార్విక్, సాల్కోవ్‌స్కిస్ అనే పరిశోధకులు వివరించారు. వారి వివరణలో కీలకమైనది 'భరోసా'. అనుమానం కలిగినప్పుడు వ్యక్తి భరోసా కోసం వెదుకుతాడు. పరీక్ష, వైద్యుని మాట, అంతర్జాలంలో వెదుకులాట, భార్యనో మిత్రునో అడగడం అన్నీ భరోసా రూపాలే. భరోసా దొరకగానే ఆందోళన తగ్గుతుంది. ఆ తగ్గుదల తాత్కాలికం. అనుమానం మళ్ళీ తలెత్తగానే మనసు అదే దారిని వెదుకుతుంది. ప్రతిసారీ ఉపశమన కాలం కుదించుకుపోతుంది. ఊహించుకున్న యువకుని విషయంలో అది వారం నుండి రెండు రోజులకు, రెండు రోజుల నుండి బస్సు ప్రయాణమంత సమయానికి తగ్గింది.

ఈ వలయంలో శరీరం కూడా పాలుపంచుకుంటుంది. ఆందోళన వల్ల ఆకలి మందగించి బరువు తగ్గవచ్చు, నిద్ర చెడి నీరసం రావచ్చు, విరేచనాలు, రాత్రి చెమటలు కలగవచ్చు. ఇవన్నీ గోడపత్రికలలో ఎయిడ్స్ లక్షణాలుగా చదివినవే. మెడ దగ్గర గడ్డలున్నాయేమోనని రోజూ పదిసార్లు నొక్కి చూసుకుంటే ఆ చోటు నొప్పి పెడుతుంది. ఆ నొప్పే కొత్త సాక్ష్యమవుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు అన్న సామెత ఈ స్థితికి రెండు విధాల వర్తిస్తుంది. ఒకటి తడుముకోవడం, రెండవది ఆ తడుముకోవడం వెనుక ఉన్న అపరాధ భావం.

భారతీయ తత్త్వచర్చలో ప్రసిద్ధమైన రజ్జుసర్పభ్రాంతితో దీనిని పోల్చితే తేడా స్పష్టమవుతుంది. చీకటిలో తాడును చూసి పామనుకున్నవాడు దీపం తేగానే తాడని తెలుసుకుంటాడు. భయం తొలగుతుంది. రంది పట్టిన మనసు దీపం వెలుగులో తాడును చూసి కూడా, "దీపం తెచ్చేలోపు పాము పక్కకు పోయిందేమో" అని అడుగుతుంది. ఇక్కడ కొరవడింది వెలుగు కాదు. కొంత అనిశ్చితిని భరించగల శక్తి. నూటికి నూరు పాళ్ళ నిశ్చయం ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. రోడ్డు దాటేటప్పుడు, బావిలో దిగేటప్పుడు అందరూ భరిస్తున్న అనిశ్చితిని ఈ ఒక్క విషయంలో మాత్రం అతడు భరించలేకపోతున్నాడు.

5. మాటల్లో దాగిన భయం:

వ్యాధిని గురించి సమాజం వాడే మాటలు ఆ భయానికి రూపాన్నిస్తాయి. తెలుగులో నాలుగు సందర్భాలు పరిశీలించదగినవి.

5.1. సోకు, అంటు: వ్యాధి 'సోకింది' అంటారు. ఇదే క్రియను గాలి సోకింది, దయ్యం సోకింది అన్నప్పుడూ వాడతారు. తాకడం, తగలడం దీని మూలార్థాలు. 'అంటువ్యాధి'లోని అంటు కూడా తాకడాన్నే సూచిస్తుంది. మైల, ముట్టు వంటి ఆచార సంబంధమైన భావాలకూ ఈ మాటకు దగ్గరి సంబంధముంది. హెచ్.ఐ.వి. తాకడం వల్ల, కలిసి తినడం వల్ల, దోమకాటు వల్ల రాదని చదువుకున్న వ్యక్తికి కూడా, మంగలి కత్తి మీద, బస్సు సీటు మీది మరక మీద అనుమానం పోకపోవడానికి ఈ మాటల్లోని పాత అర్థం కొంత కారణం కావచ్చు. జ్ఞానం ఒకటి చెబుతుంటే పలికే క్రియ మరొకటి చెబుతుంది.

5.2. సుఖవ్యాధి: లైంగిక వ్యాధులకు తెలుగులో స్థిరపడిన ఈ సమాసం వ్యాధిని సుఖానికి చెల్లించే మూల్యంగా చూపుతుంది. తప్పు చేశానన్న భావన ఉన్నవాడు శిక్ష కోసం ఎదురుచూస్తాడు. శిక్ష రాలేదని కాగితం చెప్పినా అతని అంతరాత్మ ఒప్పుకోదు. అతడు ప్రయోగశాలను అడుగుతున్నది "నాకు వైరస్ ఉందా?" అని కాదు, "నన్ను క్షమించారా?" అని. ఆ ప్రశ్నకు ఏ ప్రయోగశాలా జవాబు చెప్పలేదు.

5.3. నెగెటివ్, నాన్-రియాక్టివ్: 'నెగెటివ్' వాడుక తెలుగులో చెడు అన్న అర్థంలోనే ఎక్కువగా ప్రచారంలో ఉంది. నెగెటివ్ ఆలోచనలు, నెగెటివ్ పాత్ర అన్నవి అటువంటివే. పరీక్షా ఫలితంలో మాత్రం అది మంచి వార్త. 'నాన్-రియాక్టివ్' అన్న మాట ఇంకా దూరమైనది. దానిలో 'లేదు' అన్న స్పష్టమైన తెలుగు క్రియ వినిపించదు. ఆ ఖాళీలో అనుమానం కాపురం పెడుతుంది. ఫలితపత్రం మీద "మీ రక్తంలో హెచ్.ఐ.వి. లేదు. ఈ ప్రమాదానికి సంబంధించి మళ్ళీ పరీక్ష అవసరం లేదు" అన్న వాక్యం, గడువు దాటినవారికి, తెలుగులో ఉండడం చిన్న మార్పే అయినా ఉపయోగకరమైనది.

5.4. జవాబు లేని ప్రశ్న: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 ప్రాంతంలో గోడల మీద, హోర్డింగుల మీద కనిపించిన "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రచార వాక్యం ఒక తరానికి గుర్తుంది. ఎవరూ బహిరంగంగా పలకని విషయాన్ని అది ఇంటింటి సంభాషణలోకి తెచ్చింది. ఆ మేలును గుర్తించాల్సిందే. కానీ దాని నిర్మాణం ఉత్కంఠ రేపే ప్రశ్న. 1987లో బ్రిటన్ సమాధిరాళ్ళతో, ఆస్ట్రేలియా మృత్యుదేవత ఆకారంతో చేసిన ప్రచారాలు కూడా భయాన్నే సాధనంగా వాడుకున్నాయి. నిర్లక్ష్యంగా ఉన్నవానిని మేల్కొలపడానికి ఉద్దేశించిన భయం, అప్పటికే మేల్కొని ఉన్నవానికి నిద్ర లేకుండా చేస్తుంది. పులిరాజా స్థానంలో తన పేరును పెట్టుకొని అతడు అదే ప్రశ్నను రోజూ వేసుకుంటాడు.

6. ఉపశమన మార్గాలు:

ఆరోగ్య ఆందోళనకు ప్రవర్తనా, ఆలోచనా చికిత్స ప్రభావవంతమైనదని అధ్యయనాలు చూపాయి. ఇంగ్లాండు ఆస్పత్రులలో 444 మంది మీద టైరర్ బృందం జరిపిన అధ్యయనం ఇందుకు ఒక నిదర్శనం. ఈ చికిత్సను శిక్షణ పొందిన నర్సులు కూడా సమర్థంగా అందించగలరని దాని నుండి తెలిసింది. అవసరమైనవారికి మనోవైద్యులు ఆందోళనను తగ్గించే మందులు ఇస్తారు. ఈ చికిత్సలోని సూత్రాలను క్రింది విధంగా సంగ్రహించవచ్చు.

6.1. చివరి పరీక్షకు గీత గీయడం: ప్రమాదం జరిగిన తేదీ, పరీక్ష తేదీ, మధ్య గడిచిన రోజులు, ఫలితం ఒక కాగితం మీద రాసుకోవాలి. ఒకే వైద్యునితో దానిని సరిచూసుకోవాలి. ఆ తరువాత అనుమానం వచ్చినప్పుడు కొత్త పరీక్షకు పోకుండా, "కొత్త ప్రమాదం ఏమైనా జరిగిందా?" అని మాత్రమే అడగాలి. జరగకపోతే ప్రశ్న పాతదే. పాత ప్రశ్నకు జవాబు వచ్చేసింది.

6.2. తడుముకోవడాన్ని వాయిదా వేయడం: గడ్డలు నొక్కి చూడడం, నాలుకను అద్దంలో చూడడం, అంతర్జాలంలో లక్షణాలు వెదకడం ఒక్కసారిగా ఆపడం కష్టం. మొదట పదిహేను నిమిషాలు, తరువాత గంట, ఆపైన ఒక పూట వాయిదా వేయాలి. ఆందోళన దానంతటదే పెరిగి, దానంతటదే తగ్గుతుందని శరీరం నేర్చుకోవడానికి ఈ వ్యవధి అవసరం.

6.3. 'ఏమో'తో ఉండడం: "నాకు లేదు, లేదు" అని మనసుతో వాదించడం కూడా భరోసా వెదుకులాటే. "ఏమో అన్న ఆలోచన వచ్చింది. రానీ" అని దానిని గుర్తించి చేస్తున్న పనిని కొనసాగించడం మేలు. రంది తగ్గాక బతుకుదామని ఎదురుచూడకుండా, రంది ఉండగానే పొలానికి, తరగతికి, పెండ్లికి వెళ్ళాలి.

6.4. ఇంటివారి జవాబు: "నాకేం కాలేదు కదా?" అని పదవసారి అడిగినవారికి "ఏం కాలేదు" అని పదవసారి చెప్పడం ప్రేమే. కానీ ఆ ప్రేమ వలయాన్ని తిప్పుతుంది. "నీకు రందిగా ఉన్నదని నాకు తెలుస్తున్నది. దీనికి మునుపే జవాబు చెప్పుకున్నం. రా, తిందాం" అనడం కసురుకోవడం కాదు, భరోసా ఇవ్వడమూ కాదు. తోడుండడం.

6.5. వ్యాధిని ఉన్నదున్నట్లు చూడడం: భారతదేశంలో హెచ్.ఐ.వి. మందులు 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా లభిస్తున్నాయి. 2017 నుండి నిర్ధారణ అయిన ప్రతివారికీ వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. సక్రమంగా మందులు వాడి వైరస్‌ను పరీక్షకు అందనంతగా తగ్గించుకున్నవారి నుండి లైంగికంగా అది సంక్రమించదు. కనుక ఆందోళనలో ఉన్నవానికి "నువ్వు వాళ్ళలాంటివాడివి కాదు" అని చెప్పి ఊరడించడం రెండు విధాల తప్పు. అది హెచ్.ఐ.వి. తో జీవిస్తున్నవారిని అవమానిస్తుంది. ఆ అవమానం ఎంత పెద్దదిగా కనిపిస్తే భయం అంత పెద్దదవుతుంది.

7. విద్యాసంస్థల బాధ్యత:

ఈ రంది మోస్తున్నవారిలో కళాశాల వయసువారు కూడా ఉంటారు. హాజరు తగ్గడం, పరిశోధన నిలిచిపోవడం, పెండ్లి మాట రాగానే తప్పించుకోవడం వంటివి దాని పైరూపాలు కావచ్చు. అధ్యాపకుడు వైద్యుడు కానవసరం లేదు. నవ్వకపోవడం, నీతిబోధ చేయకపోవడం, విన్న మాటను గది దాటనీయకపోవడం అనే మూడు పనులు చాలు. పరీక్ష గురించిన సందేహాలకు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారి 1097, మానసిక ఆందోళనకు 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ వారి 14416 ఉచిత ఫోను సేవలున్నాయి. వీటిలో మొదటిది బుగులుకు, రెండవది రందికి. ఎవరికి ఏది అవసరమో గుర్తించి చెప్పగలగడమే సహాయం.

ఈ గుర్తింపు ఆలస్యమైతే నష్టం ప్రాణాల దాకా వెళ్ళవచ్చు. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒక వ్యక్తి, కరోనా అని నిర్ధారణ కాకుండానే తనకు అది వచ్చిందన్న భయంతో ప్రాణం తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. వ్యాధి పేరు వేరైనా భయం నడిచిన దారి అదే. చనిపోవాలన్న మాట ఎవరి నోటివెంట వచ్చినా వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయానికి చేర్చాలి.

తెలుగు శాఖలకు ప్రత్యేకమైన పని కూడా ఉంది. ఆరోగ్య కరపత్రాలు, ఫలితపత్రాలు, సలహాదారుల మాటలు ఎలాంటి తెలుగులో ఉన్నాయన్నది పరిశోధనకు అర్హమైన విషయం. మాండలికంలో బాధను చెప్పుకొనే వ్యక్తికి పుస్తక భాషలో జవాబిస్తే మధ్యలో ఎంత జారిపోతున్నదో పరిశీలించవలసి ఉంది.

8. ముగింపు:

- సరైన గడువు దాటిన తరువాత వచ్చిన హెచ్.ఐ.వి. ఫలితం రక్తానికి సంబంధించిన ప్రశ్నను ముగిస్తుంది. ఆ తరువాతి పరీక్షలు భయాన్ని పోషిస్తాయి.
- నిజామాబాద్ వంటి వలస ప్రాంతాలలో ఈ భయం ఉపాధితో, కుటుంబ గౌరవంతో ముడిపడి ఉన్నందువల్ల మరింత బలంగా ఉంటుంది.
- సోకు, అంటు, సుఖవ్యాధి, నెగెటివ్ వంటి మాటలు ఆ భయానికి తెలియకుండానే తోడ్పడుతున్నాయి.
- భరోసాను వెదకడం తగ్గించి, అనిశ్చితిని భరించడం నేర్పే చికిత్స ఫలవంతమైనది.
- అనుమానం పెనుభూతం అన్న సామెత తెలుగువారికి కొత్త కాదు. ఆ భూతాన్ని పోగొట్టడానికి మరొక పరీక్షాపత్రం అక్కరకు రాదు. దానిని అడుగడుగునా పలకరించడం మానుకొని, ఎవరి బతుకు పని వారు తిరిగి చేపట్టడమే దానికి తగిన జవాబు.